మెరినో ఊలని చెప్పి సింథటిక్ దారం అంటగట్టారు, జాగ్రత్త

లేస్ అల్లికకు (సన్న ఊలుతో రంధ్రాల డిజైన్ వచ్చేలా సూదులతో అల్లేది) ఆన్‌లైన్‌లో ఊలు తెప్పించుకునేవాళ్లు ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి.

లేస్‌కి పనికొచ్చే సన్న ఊలు అనంతపురం దుకాణాల్లో నాకు దొరకలేదు. అడిగిన చోటల్లా స్వెట్టర్లకు వాడే లావు ఊలే చూపించారు. అందుకని ఒక సోషల్ మీడియా పేజీలో 'నూరు శాతం మెరినో' (మెరినో జాతి గొర్రెల మెత్తటి ఊలు) అని చూసి, 2,400 రూపాయలు పెట్టి ఐదు ఉండలు తెప్పించాను. బెంగళూరులో ఉండే మా పెద్దమ్మకు చలికాలానికి గుండ్రటి శాలువా అల్లి ఇవ్వాలని నా ఆశ.

ఎంచుకున్నది అల్లికల టీచర్ ఎలిజబెత్ జిమ్మర్‌మాన్ నేర్పిన 'పై షాల్' (వృత్తాల లెక్కలో వచ్చే π పేరుతో పిలిచే గుండ్రటి శాలువా) పద్ధతి. నడుమ 9 కుట్లతో మొదలుపెట్టి 18, 36, 72, 144, 288 అని రెట్టింపు చేసుకుంటూ పోవాలి. ఒక రెట్టింపుకూ ఇంకో రెట్టింపుకూ మధ్యలో వచ్చే వరుసలు కూడా 3, 6, 12, 24, 48 అని పెరుగుతాయి. 288 కుట్ల మీద 48 వరుసలంటే 13,824 కుట్లు. అంతకుముందు అల్లినవన్నీ కలిపినా ఐదు వేలు దాటవు. అంటే ఊలంతా అంచు వైపే ఖర్చవుతుంది, లోపం ఉంటే అదీ అక్కడే బయటపడుతుంది. మూడో ఉండ ఎత్తుకోగానే నెమలికంఠం రంగు కాస్త వెలిసినట్టు కనిపించింది. శాలువా చుట్టూ గీత గీసినట్టే ఉంది. లేబుల్ తీసి చూస్తే డై లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసిన ఉండలకు ఇచ్చే నంబరు) లేదు, ఎన్ని మీటర్లో లేదు, తయారుచేసినవాళ్ల చిరునామా లేదు. కొన్న రోజే చూసుకోవాల్సింది.

రంగుతో సర్దుకుపోయేదాన్నే. అసలు దెబ్బ బ్లాకింగ్ దగ్గర తగిలింది. సూదుల మీద నుంచి దిగిన లేస్ నలిగిన గుడ్డలా ఉంటుంది. తడిపి, సాగదీసి, చుట్టూ పిన్నులు గుచ్చి ఆరబెడితేనే డిజైన్ విచ్చుకుంటుంది. నిజమైన ఊలైతే ఆరాక కూడా ఆ సాగు నిలుస్తుంది. నేను పరుపు మీద దుప్పటి పరిచి, పిన్నులు గుచ్చి, రాత్రంతా ఫ్యాన్ కింద ఉంచాను. పొద్దున ఒక్కో పిన్ను తీస్తుంటే అంచు అలాగే వెనక్కి ముడుచుకుపోయింది. రెండు నెలల పని. ఏడుపొచ్చింది.

అనుమానమొచ్చి జానెడు దారం కాల్చి చూశాను. మా జేజి కప్పుకున్న పాత నల్ల కంబళి నుంచి ఒక పోగు లాగి, దాన్నీ పక్కనే కాల్చాను. కంబళి పోగు వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, మంట తీయగానే ఆరిపోయింది. నలిపితే వేళ్ల మధ్య బూడిదైంది. 'మెరినో' మాత్రం నల్లటి పొగతో కరిగిపోయి, చల్లారాక గట్టి పూసలా మిగిలింది. యాక్రిలిక్ లాంటి సింథటిక్ దారాలు కాలే తీరు అదే. మీరూ మొదటి కుట్టు వేయకముందే ఇలా కాల్చి చూడండి. కాకపోతే దారాన్ని చేత్తో పట్టుకోకండి. పటకారుతో పట్టి, కింద నీళ్ల పళ్లెం పెట్టుకోండి, కరిగిన చుక్క చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుంది. ఒక చిన్న ముక్క అల్లి, తడిపి, పిన్నులు గుచ్చి ఆరబెట్టడం ఇంకా మంచిది.

అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే 'విప్పిన ఉండలు వెనక్కి తీసుకోం' అన్నారు, తర్వాత నన్ను బ్లాక్ చేశారు. బిల్లు, లేబుల్ ఫొటోలు, చాట్ స్క్రీన్‌షాట్లు దాచిపెట్టుకుని 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేశాను. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు తమకు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మీకూ ఇలా జరిగి ఉంటే ఊరుకోకండి.

విప్పని ఉండ ఇంకొకటి నా దగ్గరుంది. అనంతపురంలో ఎవరికైనా అనుమానంగా ఉన్న ఊలు ఉంటే తెండి, పక్కపక్కన పెట్టి చూసుకుందాం.