లిజీ మెర్సియే డెక్లూ: ఆ గొంతు కోసమే వింటున్నాను

ఫ్రెంచ్ గాయని లిజీ పాట ఎవరికి వినిపించినా ముందు వచ్చే మాట ఒకటే: "ఈమె శ్రుతి తప్పుతోంది." అది తప్పడం కాదని నా గట్టి నమ్మకం. పాట మధ్యలో గొంతును ఒక్కసారిగా పైకి ఎగరేసి అక్కడే వదిలేస్తుంది, సగం మాటను నవ్వులోకి తిప్పేస్తుంది. ఏళ్ల తరబడి ఆమె రికార్డులు వింటున్నది నేను అందుకే.

ఫ్రాన్స్‌లో ఇప్పటికీ ఆమె పేరు తెలిసినవాళ్లలో చాలామందికి గుర్తున్నది 1984లో హిట్టయిన 'మే ఊ సోం పాసే లే గజెల్' ఒక్కటే. నేనూ దానితోనే మొదలుపెట్టాను. ఆ పాట ఉన్న ఆల్బమ్ ఇప్పుడు 'జులు రాక్' పేరుతో దొరుకుతోంది. వర్ణవివక్ష రోజుల్లో జొహానెస్‌బర్గ్ వెళ్లి, అక్కడి వాద్యకారులతో కలిసి చేసింది. అమెరికన్ గాయకుడు పాల్ సైమన్ అలాగే దక్షిణాఫ్రికా వాద్యకారులతో చేసిన 'గ్రేస్‌ల్యాండ్' రావడానికి ఇంకా రెండేళ్లుంది. ఆమె చేసినవాటిలో ఇదే గొప్పదని చాలాకాలం అందరికీ చెప్పేదాన్ని.

నా అసలు ఆనందం మాత్రం 1981 నాటి 'మాంబో నసావ్'. బహామాస్‌లోని కంపాస్ పాయింట్ స్టూడియోలో చేసిన ఆల్బమ్, కీబోర్డులు వాలీ బదరూవి. హాల్లో స్పీకర్ల మీద పెడితే నాకు అదంతా ఒకటే గోలగా ఉండేది. ఒక రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. ఆమె గొంతు పాట పైన లేదు, డ్రమ్ముకీ బేస్‌కీ మధ్యలో దూరి ఉంది! బేస్ ఒక మాట అంటే ఈమె వీధిలో ఆడుకునే పిల్లలా ఒక కేకతో జవాబిస్తుంది. అమెరికన్ ఫంక్ బృందం కూల్ అండ్ ద గ్యాంగ్ వాళ్ల 'ఫంకీ స్టఫ్'ను కూడా తన పద్ధతిలోకి లాగేసుకుంది. మాటకు అర్థం ఉందా లేదా అన్న ఆలోచనే రాదు. ఊపిరి తీసుకోవడం కూడా తాళంలో భాగమే. అది వినిపించాక పడుకోలేకపోయాను, మళ్లీ మొదటి నుంచి పెట్టాను.

ఆ తర్వాత 'జులు రాక్' నాకు మునుపటంత గొప్పగా అనిపించలేదు. దానికి ఇంకో కారణం కూడా ఉంది. దక్షిణాఫ్రికాలోని షంగాన్ అనే తెగకు చెందిన గాయకుడు ఒబెడ్ ఎన్గొబేని పాట ఒకటి విన్నాను. గజెల్ పాటకు మూలం అదే. నన్ను లేచి ఆడించిన ఊపులో పెద్ద వాటా ఆయనది, వెనక పాడిన కుర్హులా సిస్టర్స్‌ది. లిజీ పాట ఇప్పటికీ ఇష్టమే, కానీ ఆ ట్యూన్‌ను మెచ్చుకోవాల్సి వస్తే ముందు ఎన్గొబేని పేరు చెబుతాను.

రియోలో చేసిన 'వన్ ఫర్ ద సోల్' ఆల్బమ్‌లో జాజ్ వాద్యకారుడు చెట్ బేకర్ ట్రంపెట్ ఉంది. ట్రంపెట్ కోసం వింటాను. లిజీ గొంతు మరీ అణిగిపోయినట్టుంటుంది. తర్వాత ఆమె బొమ్మలు వేయడం వైపు వెళ్లి, 2004లో కోర్సికాలో 47 ఏళ్లకే పోయింది.

కొనమంటారా అంటే, నా సంగతి వేరు. నాకు ఫ్రెంచ్ అంతంత మాత్రం, సాహిత్యం కోసం వినను. ఇంట్లో అందరూ పడుకున్నాక, హెడ్‌ఫోన్స్‌లో, ఒంటరిగా వింటాను. పొద్దున వంట చేసుకుంటూ పాటలు పెట్టుకునే మా అక్కకు 'మాంబో నసావ్' ఇవ్వను, గజెల్ పాట ఒక్కటి పంపిస్తాను. కచేరీలకు అలవాటుపడి, శ్రుతి కాస్త జారినా భరించలేని చెవి ఉన్నవాళ్లు డబ్బులు పెట్టే ముందు 'మాంబో నసావ్'లో రెండు పాటలైనా హెడ్‌ఫోన్స్‌లో విని చూడండి.