బీటెక్ సీఎస్ఈ రివ్యూ: అసలు సరుకంతా రెండో ఏడాదిలోనే

మొదటి ఏడాదికి ఐదుకి రెండున్నర, రెండో ఏడాదికి నాలుగున్నర, మూడో ఏడాదికి మూడు, నాలుగో ఏడాదికి ఒకటి. హైదరాబాద్ చుట్టుపక్కల జేఎన్‌టీయూహెచ్ యూనివర్సిటీ కింద నడిచే కాలేజీల్లో బీటెక్ సీఎస్ఈకి (కంప్యూటర్ సైన్స్) ఇవ్వదగిన మార్కులివి. అన్నీ కలిపి సగటు తీసి ఒక్క అంకె చెప్పమంటే కుదరదు. నాలుగేళ్ల ఫీజు ఒకే రేటున కట్టినా, చేతికొచ్చేది మాత్రం ఏడాదికో రకంగా ఉంటుంది.

ముందు ధర సంగతి. కన్వీనర్ కోటా 70 శాతం సీట్లు ఎప్‌సెట్ ర్యాంకు మీద వెళ్తాయి, మిగతా 30 శాతం మేనేజ్‌మెంట్ చేతిలో ఉంటాయి. రీయింబర్స్‌మెంట్ ఉందిగా అని ధీమాగా ఉండేవాళ్లు ఒక లెక్క వేసుకోవాలి. బీసీ, ఈబీసీ విద్యార్థుల్లో ఎక్కువమందికి 10,000 లోపు ర్యాంకు వస్తేనే పూర్తి ఫీజు. అది దాటితే ఏడాదికి 35,000 వరకే. కాలేజీ ఫీజు లక్ష అనుకుంటే ఏటా 65,000 జేబులోంచే, నాలుగేళ్లకు 2 లక్షల 60 వేలు. దీని మీద బస్సు, పరీక్ష ఫీజు, రెండో ఏడాది చివర్లో మొదలయ్యే సీఆర్‌టీ (క్యాంపస్ ఉద్యోగాల శిక్షణ) ఫీజు. సర్కారు బకాయిలు రాలేదంటూ చివర్లో సర్టిఫికెట్లు ఆపే కాలేజీలూ ఉన్నాయి. ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. చేరేటప్పుడు వెరిఫికేషన్ అయ్యాక ఒరిజినల్స్ వెనక్కి తీసుకోండి, ఇవ్వకపోతే కనీసం ఏమేం ఇచ్చారో రాసి ముద్ర వేసిన రసీదైనా తీసుకోండి.

లెక్కలోకి రాని ఖర్చు ఇంకోటుంది: బస్సులో పోయే టైము. ఇబ్రహీంపట్నం, ఘట్‌కేసర్, మేడ్చల్, గండిపేట. చాలా కాలేజీలు ఊరి అంచుల్లోనే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మేడ్చల్ వైపు కాలేజీ బస్సెక్కే పిల్లకి రోజుకి మూడు గంటలు రోడ్డు మీదే. ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచే ఓపిక ఉండదు, సీఎస్ఈలో నేర్చుకునేదంతా ఆ ఓపిక మీదే నడుస్తుంది. ర్యాంకులో దగ్గరదగ్గరగా ఉన్న రెండు కాలేజీల్లో ఇంటికి దగ్గరున్నదే తీసుకోండి. పక్కింటి అంకుల్ ఏమన్నా సరే.

పెట్టె మీద లేబుళ్లు, అంటే బ్రాంచి పేర్లు, చాలా ఉన్నాయి: సీఎస్ఈ, సీఎస్ఈ ఏఐఎంఎల్, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ, ఐఓటీ, ఐటీ. మొదటి రెండేళ్ల సబ్జెక్టులు దాదాపు ఒకటే; తేడా మూడో ఏడాది నుంచి నాలుగైదు పేపర్లలో. సర్వీస్ కంపెనీల డ్రైవ్‌కి (క్యాంపస్‌లో జరిగే ఉద్యోగ ఎంపికలకి) అన్నీ ఒకే గాటన కడతారు. కాబట్టి మెరుగైన కాలేజీలో ఏఐఎంఎల్ వస్తుంటే, నాసిరకం కాలేజీలో ప్లెయిన్ సీఎస్ఈ కోసం దాన్ని వదలక్కర్లేదు. అటు తిరిగీ అదే మాట, డేటా సైన్స్ అన్న పేరు చూసి మంచి కాలేజీ ఐటీ సీటు వదిలితే తెలివితక్కువ పని. ఒక్క జాగ్రత్త: కోర్సు నాణ్యతకి ముద్ర వేసే ఎన్‌బీఏ గుర్తింపు కాలేజీకి కాదు, బ్రాంచికి ఇస్తారు. బ్రోచర్‌లో ‘ఎన్‌బీఏ అక్రెడిటెడ్’ అని ఉంటే అది ఏ బ్రాంచికో అడగండి. మెకానికల్‌కి ఉండి, నిన్నగాక మొన్న పెట్టిన డేటా సైన్స్‌కి లేకపోవచ్చు.

ఇక లోపల ఏముందో చూద్దాం. మొదటి ఏడాది మ్యాట్రిసెస్, కెమిస్ట్రీ, ఫిజిక్స్, బేసిక్ ఎలక్ట్రికల్, మధ్యలో సీ ప్రోగ్రామింగ్. ఇంటర్‌కి కొనసాగింపు అనుకోండి. సీలో పాయింటర్లు (మెమరీ చిరునామాలు దాచుకునే వేరియబుల్స్) ఎక్కకపోతే మాత్రం ఆ బాకీ టూ-వన్‌లో (రెండో ఏడాది మొదటి సెమిస్టర్) వడ్డీతో సహా కట్టాల్సి వస్తుంది.

టూ-వన్, టూ-టూ, వీటికోసమే ఫీజు కట్టాలి. ఆర్22 రెగ్యులేషన్‌లో, అంటే 2022 సిలబస్‌లో, డేటా స్ట్రక్చర్స్, జావా, కంప్యూటర్ ఆర్గనైజేషన్, డిస్క్రీట్ మ్యాథ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ (ఓఎస్), డేటాబేస్‌ల సబ్జెక్టు డీబీఎంఎస్ అన్నీ ఈ రెండు సెమిస్టర్లలోనే. త్రీ-వన్‌లో అల్గారిథమ్స్, నెట్‌వర్క్స్ వచ్చి చేరతాయి. రెగ్యులేషన్ మారితే ఏదో పేపర్ ఒక సెమిస్టర్ అటూ ఇటూ జరుగుతుందే తప్ప సరుకు మారదు. ఇంటర్వ్యూ గదిలో అడిగేదంతా, ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో వచ్చేదాంట్లో సగానికి పైగా ఇదే. అయితే ఇంటర్‌లో రెండేళ్లు చాకిరీ చేసి, మొదటి ఏడాది ర్యాగింగ్ భయాలూ ఫ్రెషర్స్ పార్టీలూ దాటుకుని వచ్చిన పిల్లలు ఊపిరి పీల్చుకుందాం అనుకునేదీ సరిగ్గా ఇక్కడే.

నాలుగున్నరే ఎందుకు, ఐదెందుకు కాదు అంటే ల్యాబుల వల్ల. డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో సింగ్లీ లింక్డ్ లిస్ట్ తీసుకోండి: ఒక్కో నోడ్ తన తర్వాతి నోడ్ చిరునామాని (నెక్స్ట్) పట్టుకుని ఉండే గొలుసు, మొదటి నోడ్‌ని చూపే పాయింటర్ పేరు హెడ్. మాన్యువల్‌లో డిలీట్ ఫంక్షన్ ఉంటుంది. చూసి టైప్ చేసి, అబ్జర్వేషన్‌లో రాసి సంతకం పెట్టించుకుని, రికార్డుకి ఎక్కిస్తే ఆ వారం గడిచినట్టే. ఇప్పుడు అదే ప్రోగ్రామ్‌కి మూడు రకాల లిస్టులు ఇచ్చి చూడండి: ఖాళీ లిస్టు, ఒక్కటే నోడ్ ఉన్న లిస్టు, తీసేయాల్సింది మొదటి నోడే అయిన లిస్టు. ఖాళీ లిస్టు దగ్గర చాలావరకు సెగ్మెంటేషన్ ఫాల్ట్ అనే మెమరీ తప్పుతో కూలిపోతాయి, హెడ్ నల్ (ఖాళీ) అవునో కాదో చూడకుండానే దాని నెక్స్ట్‌లోకి వెళ్తాయి కాబట్టి. మొదటి నోడ్ తీసేయడం ఇంకా దొంగదెబ్బ. ఫంక్షన్‌కి వెళ్లింది హెడ్ కాపీ మాత్రమే. లోపల దాన్ని ముందుకు జరిపినా బయట మెయిన్‌లో ఉన్న హెడ్ కదలదు, ఫ్రీ చేసేసిన చోటునే పట్టుకుని కూర్చుంటుంది. ఒక్కోసారి అవుట్‌పుట్ సరిగ్గానే కనిపించి మోసం చేస్తుంది కూడా. విరుగుడు రెండు: డబుల్ పాయింటర్ (హెడ్ ఉన్న చోటు చిరునామా) పంపడం, లేదా కొత్త హెడ్‌ని రిటర్న్ చేసి మెయిన్‌లో మళ్లీ హెడ్‌లో పెట్టుకోవడం. ఈ మూడు లిస్టులతో తిప్పలు పడ్డ పిల్లకి పాయింటర్లు జన్మలో మర్చిపోవు. రికార్డు మాత్రమే నింపిన పిల్లకి వైవాలో పదికి పది పడతాయి.

డీబీఎంఎస్‌దీ ఇదే కథ. రెండో అత్యధిక జీతం తీయమంటే జీతాలను పెద్ద నుంచి చిన్నకి పేర్చి, లిమిట్ 1, ఆఫ్‌సెట్ 1 (మొదటి వరుస వదిలి తర్వాతి ఒక్కటి) అని రాసేస్తారు. పై జీతం ఇద్దరికి సమానంగా ఉందనుకోండి, ఆ క్వెరీ మళ్లీ మొదటి జీతాన్నే చూపిస్తుంది. ఒకే విలువ రెండుసార్లు రాకుండా చూసే డిస్టింక్ట్ పెట్టాలి. ల్యాబ్ టేబుల్‌లో ఐదుగురు ఉద్యోగులు, ఐదు వేర్వేరు జీతాలు ఉంటాయి గనక ఈ తప్పు ఏడాదంతా బయటపడదు. టేబుల్‌లో కావాలనే ఇద్దరికి ఒకే జీతం, ఒకరికి నల్ పెట్టుకుని సాధన చేయండి.

ఏఐ టూల్స్ ఇదంతా రాసిపెడుతుంటే మనకెందుకు అన్న ప్రశ్న ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉంది. డిలీట్ ఫంక్షన్ అవి రాస్తాయి నిజమే. రాసిచ్చింది ఏ లిస్టు దగ్గర కూలుతుందో పట్టుకోవడం ఇప్పుడు ఉద్యోగంలో ఎక్కువ పని, ఇంటర్వ్యూల్లో అడిగేదీ అటే జరుగుతోంది. టూ-వన్ విలువ దీంతో పెరిగిందే తప్ప తగ్గలేదు.

మార్కుల వైపు మెలిక ఒకటుంది. ఆర్22లో ఇంటర్నల్స్ 40, ఎక్స్‌టర్నల్ 60. ఇంటర్నల్స్‌లో 14, ఎక్స్‌టర్నల్‌లో 21, మొత్తం మీద 40 వస్తే పాస్. ఇంటర్నల్స్ దండిగా పడతాయి కాబట్టి పాసవడం కష్టం కాదు. కానీ చాలా కంపెనీలు అడిగేది టెన్త్, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ 60 శాతం, పైగా నడుస్తున్న బ్యాక్‌లాగ్ (ఇంకా పాసవని సబ్జెక్టు) లేకుండా. జేఎన్‌టీయూహెచ్ సూత్రంలో సీజీపీఏ నుంచి 0.5 తీసేసి 10తో గుణిస్తే శాతం. అంటే 60 శాతానికి 6.0 చాలదు, 6.5 ఉండాలి. 6.3 దగ్గర ఆగి ‘సిక్స్ దాటిందిగా’ అనుకునేవాళ్లు త్రీ-టూ చివర్లో, డ్రైవ్ లిస్టులో పేరు కనిపించనప్పుడు ఈ లెక్క తెలుసుకుంటారు. హాజరు 75 శాతం. 65 నుంచి 75 మధ్య ఉంటే కండోనేషన్ ఫీజుతో గట్టెక్కొచ్చు, 65 కిందకి వెళితే డిటెన్షనే, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి.

మూడో ఏడాదికి మూడు మార్కులు నెట్‌వర్క్స్, అల్గారిథమ్స్, మెషీన్ లెర్నింగ్ పుణ్యమా అని వచ్చాయి. సీఆర్‌టీ మాత్రం నిరాశే. ఆరు వారాలు రైళ్లు, గడియారాలు, రక్త సంబంధాల లెక్కలు చేయించి, చివరి వారంలో జావా మొత్తం చుట్టేస్తారు. ఆప్టిట్యూడ్ ఇంట్లో రోజుకి అరగంటతో మూడు నెలల్లో వచ్చేస్తుంది. ఆ టైములో కోడింగ్ సమస్యలు రోజుకి రెండు, ఏడాది పాటు చేస్తే ఎక్కువ ఫలితం. ఐఐటీ ప్రొఫెసర్లు ఆన్‌లైన్‌లో చెప్పే ఎన్‌పీటీఈఎల్ కోర్సులు ఉచితం; సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు కట్టి సెంటర్‌కెళ్లి పరీక్ష రాయాలి. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. కాలేజీలో పాఠం అర్థం కాని డీబీఎంఎస్, ఓఎస్‌లకు ఇంతకంటే మంచి మందు లేదు.

ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీలు ఎలా చదవాలో కూడా చెప్పాలి. ‘500 ఆఫర్లు’ అంటే 500 మంది పిల్లలు కాదు. ఒకే అమ్మాయికి మూడు ఆఫర్లొస్తే మూడుగా లెక్కేస్తారు. గేటు దగ్గర వేలాడే అత్యధిక ప్యాకేజీ ఒక్కరిది. అడగాల్సినవి మూడు: డ్రైవ్‌లకు ఎంతమంది అర్హులు, అందులో ఎంతమంది చేతిలో కనీసం ఒక ఆఫరుంది, జీతాలను వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో ఉన్నవాడి జీతమెంత. మూడో ప్రశ్నకి తడబడకుండా జవాబిచ్చే ప్లేస్‌మెంట్ ఆఫీసర్ దొరికితే ఆ కాలేజీకి అర మార్కు కలుపుకోండి.

ప్యాకేజీ అంటే జీతం అనుకుంటే పొరపాటు. నాలుగు లక్షల ఆఫర్ విప్పి చూద్దాం. పనితీరుని బట్టి ఇచ్చే 40,000 వేరియబుల్ పక్కన పెడితే మిగిలింది 3 లక్షల 60 వేలు, నెలకి 30,000. బేసిక్ 15,000 అనుకుంటే కంపెనీ వాటా పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ సుమారు 720 కూడా అందులోనివే. ఆపై మీ వాటా పీఎఫ్ ఇంకో 1,800, తెలంగాణ ప్రొఫెషనల్ ట్యాక్స్ 200. ఖాతాలో పడేది 25,500 చుట్టూ. ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా కలిపితే ఇంకాస్త తక్కువ. గచ్చిబౌలి వైపు పీజీలో ఉండి తినాలంటే దాంట్లో మూడో వంతు దాకా అక్కడే అయిపోతుంది. ఆఫర్ లెటర్‌లో బాండ్ ఎన్నేళ్లు, మధ్యలో వదిలితే ఎంత కట్టాలి అన్నది సంతకానికి ముందే చూడండి.

నాలుగో ఏడాదికి ఒక్క మార్కు పడటానికి కారణం మేజర్ ప్రాజెక్ట్. కంపైలర్ డిజైన్, క్రిప్టోగ్రఫీ మంచి సబ్జెక్టులే, కానీ అప్పటికి క్లాసులో మనసెవరికీ ఉండదు. ప్రాజెక్టేమో అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల రెడీమేడ్‌గా దొరుకుతుంది: కోడు, డాక్యుమెంటు, పీపీటీ, బైండింగుతో సహా. కొన్నారనుకోండి, ఇంటర్వ్యూలో ‘ఈ టేబుల్‌కి ప్రైమరీ కీ ఏంటి, అదే ఎందుకు పెట్టారు’ అన్న ఒక్క ప్రశ్నతో దుకాణం మూతపడుతుంది. కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు ఎవరి దగ్గరున్నాయో చెప్పే చిన్న యాప్ అయినా సరే, సొంతంగా రాసి కోడు పంచుకునే సైటు గిట్‌హబ్‌లో పెడితే దాని గురించి అరగంట మాట్లాడగలుగుతారు.

అమీర్‌పేటనే తీసిపారేయక్కర్లేదు. జావా ఫుల్ స్టాక్, డెవాప్స్ లాంటివి తక్కువ ఫీజుకి పని నడిచేంత నేర్పుతారు. డెమో క్లాసులు రెండు విన్నాకే డబ్బు కట్టండి. దూరంగా ఉండాల్సింది ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామనేవాళ్లకీ, లక్షలు తీసుకుని బ్యాక్‌డోర్ ఉద్యోగం అనేవాళ్లకీ. లేని అనుభవం పీఎఫ్ ఖాతా నంబరైన యూఏఎన్ దగ్గరే దొరికిపోతుంది: పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో ఏ కంపెనీలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పనిచేశారో ఉంటుంది. చేరిన ఆర్నెల్లకి వెరిఫికేషన్‌లో తేలి ఇంటికి పంపితే, తర్వాతి కంపెనీకి ఏం చెప్పుకుంటారు?

ఇదే సరుకు తక్కువ ధరకి కావాలంటే బీఎస్సీ కంప్యూటర్ సైన్స్ ఉంది, డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల పోర్టల్ దోస్త్ ద్వారా చేరొచ్చు. డేటా స్ట్రక్చర్స్, డీబీఎంఎస్, ఓఎస్ అక్కడా ఉన్నాయి. మొదటి జీతం బీటెక్ కంటే తక్కువ, ప్రొడక్ట్ కంపెనీల క్యాంపస్ డ్రైవ్‌లు అరుదు. కానీ విప్రో లాంటి కంపెనీలు బీఎస్సీ, బీసీఏ వాళ్లని తీసుకుని ఉద్యోగం చేస్తుండగానే ఎంటెక్ చదివిస్తాయి. ఐసెట్ రాసి ఎంసీఏ వైపూ వెళ్లొచ్చు. 60,000 ర్యాంకుతో ఊరవతల కాలేజీలో సీఎస్ఈకి అప్పు చేసి మూడు లక్షలు పెట్టడం కన్నా సిటీలో మంచి డిగ్రీ కాలేజీ మేలు. పెళ్లిలో చెప్పుకోవడానికి బీటెక్ కావాలంటే అది వేరే విషయం.

వెబ్ ఆప్షన్ల దగ్గర చేయాల్సింది ఒక్కటే. కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో కిందటేడాది లాస్ట్ ర్యాంకులు కాలేజీ, బ్రాంచి, కేటగిరీ వారీగా ఉంటాయి. మీ ర్యాంకుకి కాస్త పైవీ, సరిగ్గా సరిపోయేవీ, కిందవీ కలిపి పెద్ద జాబితా రాసుకుని, మీకు నచ్చిన వరుసలోనే పెట్టండి. రాదేమో అని మంచి కాలేజీని కిందకి తోయొద్దు, పైన పెట్టినందుకు నష్టమేమీ లేదు. ఆ జాబితాలో మొదటి ఐదు కాలేజీలకీ మామూలు పనిరోజున మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి. అడ్మిషన్ కౌంటర్‌కి కాదు, సెకండ్ ఇయర్ ల్యాబ్‌కి. పిల్లలు స్క్రీన్ వైపు చూస్తున్నారా, రికార్డు వైపు చూస్తున్నారా అన్నది తలుపు దగ్గర నిలబడితేనే తెలిసిపోతుంది.