వెబ్‌సైటు పేరు తెలుగు లిపిలోనా, ఇంగ్లీషు అక్షరాల్లోనా: ఏది మేలు?

చిన్న ప్రచురణకర్తలు, రైతు సంఘాలు, గ్రంథాలయాలు, గుడి కమిటీలు ఎవరు వెబ్‌సైటు పెట్టాలనుకున్నా నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "డొమైన్ తెలుగులో కొనమంటారా, ఇంగ్లీషు అక్షరాల్లో కొనమంటారా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. డొమైన్ అంటే ఏమిటి, ఎక్కడ కొనాలి వంటివి మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

ఉన్న దారులు మూడు. తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, చివర డాట్ కామ్ లేదా డాట్ ఇన్ పెట్టుకోవడం ఒకటి. పేరూ తోకా రెండూ తెలుగులోనే ఉండేలా .భారత్ కింద తీసుకోవడం రెండోది. పేరు తెలుగులో, తోక ఇంగ్లీషులో ఉంచడం మూడోది. ఈ మూడోదాన్ని ఇక్కడే పక్కన పెడతాను. పేరును తెలుగు కీబోర్డులో కొట్టి, చుక్క పెట్టి, మళ్లీ ఇంగ్లీషు కీబోర్డుకు మారి 'కామ్' కొట్టాలి. ఆ ఒక్క మార్పు దగ్గరే చాలామంది వదిలేస్తారు. ఇక సొంత డొమైన్ లేకుండా ఫేస్‌బుక్ పేజీతో సరిపెట్టుకోవడం: పండగ కమిటీకి చాలు, పదేళ్లు నిలవాల్సిన పనికి చాలదు.

అసలు పోటీ మొదటి రెండింటి మధ్యే. ఖర్చు, గూగుల్‌లో కనబడటం, చూడ్డానికి బాగుండటం, అన్నీ ఆలోచించాల్సినవే. కానీ నా దృష్టిలో తేల్చేది ఒక్కటే: ఒకరి నోట విన్న పేరును ఇంకొకరు తప్పు లేకుండా టైపు చేయగలరా లేదా.

"విత్తనాలకొట్టు" అనే పేరు తీసుకుందాం. దీన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాయమని నలుగురికి చెప్పి చూడండి. "త్త"కు ఒకరు రెండు టీలు రాస్తారు, ఒకరు టీహెచ్ రాస్తారు, ఇంకొకరు రెండు టీలూ ఒక హెచ్చూ రాస్తారు. "నా" దీర్ఘానికి ఒకరు ఒక ఏ, ఇంకొకరు రెండు. ఇక్కడికే ఆరు రకాలయ్యాయి, "కొట్టు" దాకా ఇంకా పోనేలేదు. మన వైపు "త"కు టీహెచ్ రాయడం అలవాటు; ఉత్తరాదిలో టీ ఒక్కటే రాస్తారు. ల, ళ రెండింటికీ ఎల్లే. న, ణ రెండింటికీ ఎన్నే. వాట్సాప్‌లో మనం రోజూ ఇలాగే రాసుకుంటున్నాం కదా అనవచ్చు. నిజమే, చదివేది మనిషి గనుక ఎలా రాసినా అర్థం చేసుకుంటాడు. పేరును బట్టి సైటును వెతికిపెట్టే డీఎన్‌ఎస్ వ్యవస్థ అర్థం చేసుకోదు. ఒక్క హెచ్ ఎక్కువైతే సైటు దొరకదు, లేదా ఇంకెవరిదో తెరుచుకుంటుంది. అందుకే ఇంగ్లీషు అక్షరాల పేరు కొన్నవాళ్లు ఫోన్‌లో చెప్పేటప్పుడు ప్రతిసారీ అక్షరం అక్షరం వల్లె వేయాల్సి వస్తుంది. గుడి మైకులోనో, గ్రామసభలోనో, రేడియోలోనో అలా వల్లె వేయలేం.

తెలుగు లిపిలో ఈ గొడవ దాదాపు ఉండదు. విన్నది విన్నట్టు రాస్తాం. ఇంగ్లీషు రాని అవ్వ కూడా బోర్డు మీది పేరు చదివి మనవడికి సరిగ్గా చెప్పగలదు. పైగా ఇప్పుడు ఊళ్లలో చాలామంది టైపు చేయడం లేదు, మైకు గుర్తు నొక్కి మాట్లాడుతున్నారు. తెలుగులో మాట్లాడితే ఫోన్ రాసిచ్చేది తెలుగు లిపే. ఆ పనికి .భారత్ పేరు సహజంగా అతుకుతుంది.

"దాదాపు" అన్నాను, ఎందుకంటే తెలుగులోనూ చూసుకోవాల్సినవి ఉన్నాయి. "విద్యార్థి"ని "విద్యార్ధి" అని రాసేవాళ్లు బోలెడు. అర్థం, అర్ధం సంగతీ అంతే. శ, ష తారుమారవుతాయి. క్రు, కృ తేడా చాలామంది పట్టించుకోరు. పేరు పెట్టేటప్పుడే ఈ అక్షరాలను తప్పించుకుంటే సగం చిక్కు పోతుంది.

ఇంకో చిక్కు కంటికి కనబడదు. "సాఫ్ట్‌వేర్" అని రాసినప్పుడు ట్ పక్కన వే ఒత్తుగా మారకుండా మధ్యలో ఒక కనబడని గుర్తు వేస్తాం. ఇంగ్లీషు కాని లిపుల డొమైన్లకున్న పాత అంతర్జాతీయ నియమాలు (2003) ఆ గుర్తును తీసి పారేసేవి. 2010లో వచ్చిన కొత్త నియమాలు పొల్లు తరవాత దాన్ని అనుమతించాయి. కానీ డొమైన్ల జాబితాలు నిర్వహించే రిజిస్ట్రీలు, బ్రౌజర్లు అన్నీ ఒకే తీరుగా నడవవు. కాబట్టి ఇలాంటి ఇంగ్లీషు మాటలున్న పేరు తెలుగు డొమైన్‌కు పెట్టకండి. అచ్చ తెలుగు మాటల్లో ఈ ఇబ్బంది రాదు. పేరు ఒకే మాటగా ఉండటం కూడా మంచిది: ఖాళీ పడితే బ్రౌజరు దాన్ని చిరునామాగా కాక వెతుకులాటగా తీసుకుంటుంది.

ఇప్పుడు ఇంగ్లీషు అక్షరాల వైపున్న బలం చెప్పాలి, అది చిన్నది కాదు. డీఎన్‌ఎస్ లోపల ఇప్పటికీ నడిచేది ఇంగ్లీషు అక్షరాలే. మీ తెలుగు పేరు అక్కడ ఎక్స్, ఎన్, రెండు అడ్డగీతలతో మొదలయ్యే ఒక అర్థంలేని అక్షరాల వరుసగా మారుతుంది. బ్రౌజరు మనకు తెలుగే చూపిస్తుంది. కానీ క్రోమ్ చిరునామా పట్టీ నుంచి కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే బయటపడేది ఆ వరుసే. అందుకున్నవాళ్లు దాన్ని మోసపు లింకనుకుని నొక్కరు, వాళ్లను తప్పుపట్టలేం. కొన్ని యాప్‌లలో తెలుగు చిరునామా లింకుగానే మారదు.

ఈమెయిల్ సంగతి ఇంకా కష్టం. తెలుగు లిపిలో మెయిలు చిరునామా ఉండొచ్చని 2012లోనే ప్రమాణాలు వచ్చాయి. 2014 నుంచి జీమెయిల్ అలాంటి చిరునామాలకు ఉత్తరాలు పంపుతోంది, అందుకుంటోంది. అయినా దరఖాస్తు ఫారాల్లో ఆ చిరునామా రాస్తే "సరైన ఈమెయిల్ ఇవ్వండి" అనే ఎర్ర గీత ఇంకా చాలాచోట్ల ఎదురవుతుంది. మెయిలు చిరునామా మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచుకోండి. ఈ మాట రాయడం నాకు బాధగానే ఉంది. .భారత్‌తో కలిపి ఏడు భారతీయ భాషా తోకలకు, ప్రపంచమంతా డొమైన్ల వ్యవస్థను చూసుకునే ఐకాన్ సంస్థ ఆమోదం దొరికింది 2011లో. ఇన్నేళ్లు గడిచినా ఒక ఫారం తెలుగు చిరునామాను ఒప్పుకోదంటే, అది ఆ ఫారం రాసినవాళ్లు సరిదిద్దాల్సిన లోపం. అలాంటిది ఎదురైనప్పుడల్లా వాళ్లకు రాయండి, నేనూ రాస్తున్నాను.

నకిలీల భయం గురించీ అడుగుతారు. వేరే లిపిలో అచ్చం అలాగే కనబడే అక్షరాలతో దొంగ సైటు పెట్టొచ్చు కదా అని. 2017లో రష్యన్ భాష రాసే సిరిలిక్ అక్షరాలతో ఆపిల్ సంస్థ పేరును పోలిన డొమైన్ నమోదు చేసి ఒక పరిశోధకుడు ఈ ప్రమాదాన్ని చూపించాక బ్రౌజర్లు జాగ్రత్తపడ్డాయి. మనకు పోలిక కన్నడంతో ఉంది: తెలుగు ర, కన్నడ ర పక్కపక్కన పెడితే తేడా పట్టడం కష్టం. మన లిపులకు తోకల స్థాయిలో నియమాలు రాసిన నియో-బ్రాహ్మీ అనే నిపుణుల బృందం ఇలాంటి జతలను గుర్తించింది కూడా. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక హెచ్ చేర్చి చేసే నకిలీతో పోలిస్తే ఇది పెద్ద భయమేమీ కాదని నా అభిప్రాయం.

మరి ఎవరికి ఏది? మీ చదువరులు ఎక్కువగా అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి, వాళ్ల పిల్లలు తెలుగు మాట్లాడటమే తప్ప చదవలేకపోతే ఇంగ్లీషు అక్షరాలే ముందుంచండి. బోర్డు చూసి కొట్టే వ్యాపారానికైతే స్పెల్లింగు కళ్లముందే ఉంటుంది కాబట్టి అదీ నడుస్తుంది. మీ వాళ్లు తెలుగు చదివేవాళ్లయి, మీ పేరు నోటి మాటగా ఊరూరా తిరగాల్సిందైతే తెలుగు .భారత్ పేరే అసలు పేరుగా పెట్టండి. కరపత్రం మీద, బోర్డు మీద, మైకులో అదే వాడండి. ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా ఒకటి కొని మెయిలుకూ, లింకులు పంచుకోవడానికీ ఉంచుకోండి. రెండూ ఒకే సైటుకు వెళ్లేలా చేయడం పెద్ద పని కాదు.

సైటుకు భద్రమైన కనెక్షన్ ఇచ్చే సర్టిఫికెట్ గురించి దిగులొద్దు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2016 నుంచి ఇలాంటి డొమైన్లకు ఉచితంగానే ఇస్తోంది. సర్వరులో పేరు రాసేటప్పుడు మాత్రం తెలుగులో కాకుండా ఆ ఎక్స్-ఎన్ రూపం రాయండి, లేకపోతే సర్వరును నడిపించే కొన్ని కంట్రోల్ ప్యానెళ్లు దాన్ని తీసుకోవు.