అమ్మ తుంటి కీలు మార్పిడి: శస్త్రచికిత్స బాగుంది, ఇంటికి పంపిన తీరు బాగాలేదు

మా అమ్మకు 63 ఏళ్లు. విజయవాడలోని ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో ఆమె కుడి తుంటి కీలును పూర్తిగా మార్చి ఎనిమిది నెలలు దాటింది. మంచీ చెడూ స్థిమితంగా చెప్పగలిగే సమయం ఇదేనని అనిపించి రాస్తున్నాను.

అసలు ఆ నొప్పి తుంటిదని తెలియడానికే మాకు రెండేళ్లు పట్టింది. ఎక్కడ నొప్పి అని ఎప్పుడు అడిగినా అమ్మ మోకాలి మీదే చెయ్యి పెట్టేది. మేమూ మోకాలికే నూనెలు రాశాము, మోకాలికే ఎక్స్‌రేలు తీయించాము. ఈ ఆసుపత్రి సర్జన్ ఆ ఫిల్ములను పక్కన పెట్టి, అమ్మను ముందుగా గదిలో నాలుగడుగులు నడవమన్నారు. ఆ తరువాత మంచం మీద పడుకోబెట్టి, మోకాలు మడిచి, పాదాన్ని మెల్లగా బయటివైపు తిప్పారు. అమ్మ చెయ్యి చటుక్కున గజ్జ దగ్గరికి వెళ్లింది. తుంటికీ మోకాలికీ వెళ్లే నరాలలో కొన్ని ఉమ్మడివి కావడం వల్ల కొందరికి తుంటి నొప్పి మోకాలిలో తెలుస్తుందని, కీలు అరిగిన నొప్పి ఎక్కువగా గజ్జలోనే ఉంటుందని, మనం తుంటి అని చూపించే పిరుదు వైపు నొప్పి చాలాసార్లు నడుము నుంచి వస్తుందని ఆయన ఓపికగా వివరించారు. కొత్త ఎక్స్‌రేలో, తొడ ఎముక పైనున్న బంతికీ అది తిరిగే గిన్నెకూ నడుమ కనిపించాల్సిన సన్నని ఖాళీ ఎడమవైపు స్పష్టంగా ఉంది, కుడివైపు దాదాపు లేదు. ఆ ఖాళీయే మృదులాస్థి, అంటే ఎముకల చివర ఉండే మెత్తని పొర అని, అది అరిగిపోయి ఎముకకు ఎముక రాసుకుంటోందని చూపించారు.

ఆయన వెంటనే ఆపరేషన్ అనకపోవడమే మాకు నమ్మకం కలిగించింది. మూడు నెలల పాటు మాత్రలు, వ్యాయామాలు, చేతికర్రతో గడిపి చూడమన్నారు. కుడి తుంటి నొప్పికి కర్ర ఎడమ చేతిలో పట్టుకోవాలని మాకు అప్పుడే తెలిసింది. రాత్రి పక్క మీద అటు ఇటు తిరగలేక అమ్మకు నిద్ర కరువైన తరువాతే తేదీ ఖాయం చేశారు.

తొడ ఎముకలో సిమెంటు లేకుండా బిగించే టైటానియం కాడ, సిరామిక్ బంతి, పాలిథిలీన్ అనే ప్లాస్టిక్ లైనింగు ఉన్న గిన్నె అమర్చారు. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ 1962లో ఈ రకం ప్లాస్టిక్‌ను గిన్నెగా వాడి నిలదొక్కించిన పద్ధతే నేటి తుంటి మార్పిడికి పునాది. మరుసటి రోజు ఉదయమే అమ్మను వాకర్‌తో నిలబెట్టారు. గజ్జలో ఆ పాత పోటు అప్పటికే లేదు. ఉన్నదల్లా కోత నొప్పి. శస్త్రచికిత్స విషయంలో, నర్సుల శ్రద్ధ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఫిర్యాదు డిశ్చార్జి గురించి. కీలును వెనుకవైపు నుంచి తెరిచారు కాబట్టి తుంటి 90 డిగ్రీలకు మించి వంగకూడదని, కాలు మీద కాలు వేసుకోకూడదని, కాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోవాలని కాగితం మీద రాసి ఇచ్చారు. కానీ మీ ఇంట్లో కమోడ్ ఎంత ఎత్తు ఉంటుందని ఒక్కరూ అడగలేదు. మాది తక్కువ ఎత్తుది. ఇంటికి వచ్చిన తొలి రాత్రి దాని మీద కూర్చోబోతే అమ్మ మోకాళ్లు తుంటి కంటే పైకి లేస్తున్నాయి. కొత్త బంతి గిన్నె నుంచి జారిపోయేది సరిగ్గా ఆ భంగిమలోనే. పట్టుకుని లేపాను, నా చేతులు వణికాయి. ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఉదయం ఓపీకి రమ్మన్నారు. ఆ రాత్రికి బెడ్‌పాన్‌తో గడిపి, తెల్లవారాక సర్జికల్ దుకాణంలో కమోడ్ మీద బిగించే ఎత్తు సీటు కొన్నాము. పీటల మీద, నేల మీద కూర్చునే ఇళ్లకు రోగిని పంపేటప్పుడు ఈ ప్రశ్న మందుల చీటీ కంటే ముందు అడగాలి. ఇంటికి పంపుతామన్న ఫిజియోథెరపిస్టు కూడా ఆరో రోజుకు గానీ రాలేదు.

బిల్లులో రక్తపరీక్షలు ప్యాకేజీలోకి రాలేదు, అంతకు మించి ముందు చెప్పినదానికి తేడా లేదు. ఇంప్లాంటు పెట్టెల మీది స్టిక్కర్లు మాత్రం అడిగి మరీ డిశ్చార్జి కాగితాలకు అంటించుకోండి. ఎప్పుడైనా కీలును మళ్లీ తెరవాల్సివస్తే సైజు, లాట్ నంబరు వాటిలోనే ఉంటాయి.

అమ్మ ఇప్పుడు కర్ర లేకుండా రైతు బజారుకు వెళ్లి వస్తోంది. ఆపరేషన్‌కు అదే సర్జన్ దగ్గరికి మళ్లీ వెళ్తాను, ఎత్తు సీటు మాత్రం ముందే కొని పెట్టుకుంటాను.