పైకెళ్లడం మేలా, కిందే ఉండి గెలవడం మేలా?

ఏప్రిల్ వచ్చిందంటే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ చూసేవాళ్లలో ఈ ప్రశ్న మళ్లీ మొదలవుతుంది. రెండో అంచె లీగ్ అయిన ఛాంపియన్‌షిప్‌లో ఆడే క్లబ్బుల అభిమానులు నిజంగానే పై అంచె అయిన ప్రీమియర్ లీగ్‌కి వెళ్లాలని కోరుకుంటారా, లేక అలా కోరుకోవాలి కాబట్టి కోరుకుంటారా? నన్ను చాలామంది అడిగారు. అక్కడే ఎమ్మెస్సీ చేస్తున్న మా మేనల్లుడు మొన్న ఫోన్లో అడిగిన తీరు మాత్రం సూటిగా ఉంది. "మావయ్యా, పైకి పోతే వారం వారం ఓడిపోవడమే కదా, మరెందుకు వీళ్లకింత ఆరాటం?" అన్నాడు. వాడికి ఫోన్లో పూర్తిగా చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతాను.

డబ్బు సంగతి ముందే తేల్చేద్దాం. ప్రీమియర్ లీగ్‌లో అట్టడుగున నిలిచిన క్లబ్బుకి కూడా లీగ్ నుంచి 10 కోట్ల పౌండ్లకు పైగా అందుతుంది. మన రూపాయల్లో వెయ్యి కోట్లు దాటిన మాట. కిందికి జారాక కూడా ఆ దెబ్బ తట్టుకోవడానికి లీగ్ ఇచ్చే పారాచూట్ చెల్లింపులు కొన్నాళ్లు వస్తూ ఉంటాయి. యజమాని కళ్లతో చూస్తే ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు, పైకే వెళ్లాలి. కానీ ఆ వెయ్యి కోట్లలో ఒక్క రూపాయి కూడా టికెట్ కొనుక్కుని వచ్చేవాడి జేబులో పడదు. వాడికి దక్కేది ఆట ఒక్కటే. అందుకే నేను ఈ ప్రశ్నను సీజన్ టికెట్ కొన్నవాడి సీట్లో కూర్చుని చూస్తాను. సొంత స్టేడియంలో లేచి నిలబడి అరిచే అవకాశం వాడికి ఏడాదిలో ఎన్నిసార్లు వస్తుంది? నా దృష్టిలో తేల్చాల్సింది ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే.

లెస్టర్ సిటీని తీసుకోండి. 2023-24లో ఛాంపియన్‌షిప్ విజేత. 46 మ్యాచ్‌ల్లో 31 గెలుపులు, 97 పాయింట్లు. ఆ ఏడాది లెస్టర్ అభిమాని గెలుపు చూసి ఇంటికి నడిచిన రోజులే ఎక్కువ. మరుసటి సీజన్ ప్రీమియర్ లీగ్‌లో. 2024 డిసెంబరు 8న కింగ్ పవర్ స్టేడియంలో బ్రైటన్ మీద ఆఖరి నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టి 2-2తో డ్రా చేసుకుంది. స్టేడియం ఊగిపోయింది. ఆ తర్వాత సొంతగడ్డ మీద వరసగా తొమ్మిది లీగ్ మ్యాచ్‌లు ఓడిపోయింది, ఒక్క గోల్ కూడా కొట్టకుండా. అవతలి జట్లు కొట్టిన గోల్స్ ఇవీ: వుల్వ్స్ మూడు, మాంచెస్టర్ సిటీ రెండు, క్రిస్టల్ ప్యాలెస్ రెండు, ఫుల్హామ్ రెండు, ఆర్సెనల్ రెండు, బ్రెంట్‌ఫర్డ్ నాలుగు, మాంచెస్టర్ యునైటెడ్ మూడు, న్యూకాజిల్ మూడు, ఏప్రిల్ 20న లివర్‌పూల్ ఒకటి. ఆ చివరి దానితోనే కిందికి జారడం ఖాయమైంది. అదే స్టేడియంలో లీగ్ మ్యాచ్‌లో మళ్లీ లెస్టర్ గోల్ పడింది మే 3న, తమతో పాటే జారిపోతున్న సౌతాంప్టన్ మీద.

దాదాపు అయిదు నెలలు. చలిలో, వానలో, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి కూర్చున్న మనిషికి లీగ్‌లో ఒక్క గోల్ దక్కలేదు. ఈ మధ్యలో లెస్టర్ సొంతగడ్డ మీద గోల్స్ కొట్టింది ఒక్కసారే, జనవరి 11న, అన్ని అంచెల క్లబ్బులూ ఆడే ఎఫ్ఏ కప్‌లో. 6-2తో గెలిచింది. అవతల ఆడింది క్యూపీఆర్, అంటే ఛాంపియన్‌షిప్ క్లబ్బు! ఈ ఒక్క ఫలితం చూస్తే రెండు అంచెల మధ్య ఎంత దూరముందో అర్థమవుతుంది.

లెస్టర్ ఒక్కటే కాదు. అదే ఏడాది పైకి వచ్చిన ఇప్స్‌విచ్ 22 ఏళ్లు ఎదురుచూసి వచ్చింది. సీజన్ మొత్తం మీద నాలుగు మ్యాచ్‌లు గెలిస్తే, పోర్ట్‌మన్ రోడ్‌లో సొంత జనం ముందు గెలిచింది ఒక్కటి, డిసెంబరు 30న చెల్సీ మీద. సౌతాంప్టన్‌కి 38 మ్యాచ్‌ల్లో దక్కినవి 12 పాయింట్లు. ఇంకా ఏడు మ్యాచ్‌లు ఉండగానే జారిపోయింది. ప్రీమియర్ లీగ్‌లో అంత తొందరగా జారిన క్లబ్బు అంతకుముందు లేదు. దానికి ముందు సీజన్‌లో పైకొచ్చిన లూటన్, బర్న్‌లీ, షెఫీల్డ్ యునైటెడ్‌లదీ అదే కథ. వరసగా రెండేళ్లు, ఎక్కిన మూడు క్లబ్బులూ ఎక్కిన ఏడాదే దిగిపోయాయి.

ఓటమి ఎవరికైనా ఉంటుంది. ఛాంపియన్‌షిప్‌లోనూ ఓడతారు. కానీ అక్కడ శనివారం పొద్దున లేచినప్పుడు ఇవాళ గెలవొచ్చు అన్న నమ్మకం ఉంటుంది. పట్టికలో 18వ స్థానంలో ఉన్న జట్టు మూడో స్థానంలో ఉన్న జట్టును ఓడిస్తే ఎవరూ నోరెళ్లబెట్టరు. ఫిబ్రవరిలో పన్నెండో స్థానంలో ఉన్న క్లబ్బుకి కూడా ప్లేఆఫ్ (పైకెళ్లే చివరి చోటు కోసం సీజన్ ఆఖర్లో జరిగే పోటీ) లెక్కలు వేసుకునే వీలుంటుంది. పైన డిసెంబరుకల్లా కొత్తగా వచ్చినవాళ్ల లెక్కలన్నీ కిందికి జారకుండా మిగిలే ఆఖరి చోటైన పదిహేడో స్థానం చుట్టూనే తిరుగుతుంటాయి. మాంచెస్టర్ సిటీ వస్తుందంటే ఎన్ని గోల్స్‌తో బయటపడతామనే మాట్లాడుకుంటారు. ఆ మాటలే నాకు నచ్చవు. ఏటా డబ్బు కట్టి, గొంతు చించుకునే మనిషి చిన్న ఓటమినే ఊరటగా తీసుకోవడం అలవాటు చేసుకోకూడదు.

ఇదంతా ఒక వైపు. రెండో వైపు నుంచి వచ్చే వాదనల్లో నన్ను నిజంగా కదిలించినది ఇంగ్లండ్‌లో కాదు, బెర్లిన్‌లో ఉంది. యూనియన్ బెర్లిన్ అభిమానులు 2008-09లో స్టేడియాన్ని తమ చేతులతో తిరిగి కట్టుకున్నారు. రెండు వేల మందికి పైగా వచ్చి కాంక్రీటు పోశారు, మెట్లు కట్టారు. దాదాపు అందరూ నిలబడే చూసే స్టేడియం అది. 2017లో జట్టు రెండో డివిజన్‌లో పైపైకి పోతుంటే, అయ్యో పైకెళ్లిపోతున్నామే అంటూ స్టాండ్‌లో బ్యానర్ పట్టిన జనం వాళ్లు. పైకెళ్తే టికెట్ ధరలు, స్పాన్సర్లు, టీవీవాళ్లు కలిసి తమ ఇంటిని మార్చేస్తారని వాళ్ల భయం. మా మేనల్లుడి ప్రశ్నకి వాళ్లే సరైన జవాబు అనిపిస్తుంది కదా?

2019 మేలో స్టుట్‌గార్ట్‌తో ప్లేఆఫ్ గట్టెక్కి యూనియన్ మొదటిసారి జర్మనీ మొదటి డివిజన్ బుండెస్‌లిగాకి వెళ్లింది. ఆగస్టు 18న తొలి మ్యాచ్, లైప్‌జిగ్‌తో. ఆ రోజు అభిమానులు పెద్ద ఫోటోలు పట్టుకుని వచ్చారు. నాలుగు వందలకు పైగా ఫోటోలు. ఈ రోజు చూడకుండానే చనిపోయిన తండ్రులు, తాతలు, అన్నదమ్ములు, స్నేహితులు. బతికున్నన్నాళ్లూ అదే మెట్ల మీద నిలబడినవాళ్లు. వాళ్లకీ ఆ మ్యాచ్ చూపించాలని తెచ్చారు. యూనియన్ 0-4తో చిత్తుగా ఓడింది. కానీ ఆ స్టాండ్ చూసినవాళ్లెవరూ వీళ్లు ఎందుకు పైకి రావాలనుకున్నారు అని అడగలేరు. రెండేళ్ల కిందట బ్యానర్ పట్టినవాళ్లూ ఈ ఫోటోలు మోసినవాళ్లూ ఒకే జనం. భయమూ నిజమే, కోరికా నిజమే.

పైగా వాళ్లు నిలదొక్కుకున్నారు. ఆ నెలాఖరుకే డార్ట్‌మండ్‌ను 3-1తో ఓడించారు. 2022-23లో నాలుగో స్థానంలో నిలిచి, యూరప్‌లోని పెద్ద క్లబ్బులు తలపడే ఛాంపియన్స్ లీగ్‌కి వెళ్లారు. అయితే ఆ ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లు తాము కట్టుకున్న స్టేడియంలో జరగలేదు. ఊరి అవతల ఒలింపిక్ స్టేడియంలో ఆడారు. ఎంత పైకెళ్తే ఇల్లు అంత దూరమైందన్నమాట. రియల్ మాడ్రిడ్‌తో ఆడటం గొప్పే. కానీ సొంత మెట్ల మీద నిలబడి చూడలేకపోవడం చిన్న నష్టమేమీ కాదు.

ఎక్కి నిలబడ్డ క్లబ్బులు ఇంగ్లండ్‌లోనూ ఉన్నాయి. బ్రెంట్‌ఫర్డ్ 74 ఏళ్ల తర్వాత 2021లో మొదటి డివిజన్‌కి వచ్చి, మొదటి రాత్రే ఆర్సెనల్‌ను 2-0తో ఓడించింది, ఆ తర్వాతా నిలదొక్కుకుంది. సండర్‌లాండ్ నాలుగేళ్లు మూడో అంచెలో గడిపి, 2025 మేలో వెంబ్లీలో 95వ నిమిషంలో టామ్ వాట్సన్ కొట్టిన గోల్‌తో పైకి వచ్చింది. ఆగస్టులో వెస్ట్ హామ్‌ను 3-0తో, డిసెంబరులో పక్కూరి శత్రువు న్యూకాజిల్‌ను 1-0తో ఓడించింది. ఇలా ఆడగలిగితే నా అభ్యంతరం మొత్తం గాలికి పోతుంది. సొంతగడ్డ మీద గెలుస్తున్నారుగా!

చిన్న విషయాలు కొన్ని. ప్రీమియర్ లీగ్‌లో బయటి ఊరికి వెళ్లే అభిమానుల టికెట్ 30 పౌండ్లు దాటకూడదన్న నియమం ఉంది, కింద అలాంటిది లేదు. ఇది పై లీగ్‌కి మంచి మార్కే. టీవీ కోసం మ్యాచ్‌ల రోజులు మార్చే బాధ ఇప్పుడు రెండు చోట్లా ఉంది. వీడియో చూసి రిఫరీ నిర్ణయాలు సరిచేసే వీఏఆర్ మాత్రం నా దృష్టిలో చిన్నది కాదు. 2024 ఏప్రిల్‌లో ఎఫ్ఏ కప్ సెమీస్‌లో, అప్పుడు ఛాంపియన్‌షిప్‌లో ఉన్న కొవెంట్రీ 0-3 నుంచి మాంచెస్టర్ యునైటెడ్‌తో 3-3కి లెక్క సరిచేసింది. అదనపు సమయం ఆఖర్లో విక్టర్ టార్ప్ బంతిని వలలో వేశాడు. కొవెంట్రీ జనం ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు. తర్వాత గీతలు గీసి, వెంట్రుకవాసి ఆఫ్‌సైడ్ అని తేల్చారు. చివరికి పెనాల్టీల్లో ఓడారు. ఛాంపియన్‌షిప్ లీగ్ మ్యాచ్‌ల్లో ఆ ఎదురుచూపు లేదు. గోల్ పడితే పడినట్టే. లైన్స్‌మన్ జెండా చూసుకుని హాయిగా అరవొచ్చు. నాకు దాని విలువ చాలా ఎక్కువ.

ఇక నార్విచ్‌లా ఎక్కుతూ దిగుతూ ఉండటం మూడో దారి. 2019లో ఎక్కి 2020లో దిగి, 2021లో ఎక్కి 2022లో దిగారు. ఒక ఏడాది గెలుపులు, ఒక ఏడాది డబ్బు. లెక్క బాగానే ఉంటుంది, అభిమానికి మాత్రం ఏదీ పూర్తిగా అందదు. బ్లాక్‌పూల్‌లా ఒక్క సీజన్ చూసి రావడం నాలుగో దారి. కలిసొస్తే మంచిదే.

ఇప్పుడు నా మాట. పైకి ఒక్కసారైనా వెళ్లాలి. బెర్లిన్ ఫోటోల తర్వాత దానికి అడ్డు చెప్పే మనసు నాకు లేదు. కానీ ఏటా ఎక్కడ ఉండాలని అడిగితే, ప్లేఆఫ్ పోటీలో ఉంటూ ఛాంపియన్‌షిప్‌లో ఉండటానికే నా ఓటు. ఛాంపియన్‌షిప్‌లో 97 పాయింట్ల లెస్టర్‌కీ ప్రీమియర్ లీగ్‌లో 25 పాయింట్ల లెస్టర్‌కీ మధ్య ఒక్కదాన్ని మళ్లీ చూడమంటే నేను మొదటిదే చూస్తాను. లీడ్స్, బర్న్‌లీ చెరో వంద పాయింట్లతో ఎక్కిన 2024-25 సీజన్ లాంటిది మళ్లీ వస్తే ఇంకా సంతోషం. ప్రీమియర్ లీగ్‌లో ఎలాగోలా మిగలడం కోసం క్లబ్బును అప్పుల్లో ముంచే యజమాని ఉంటే మాత్రం, ఎక్కకపోవడమే మేలని గట్టిగా చెబుతాను.

మా మేనల్లుడు చివర్లో ఇంకోటి అడిగాడు. "మరి మన శ్రీనిధి డెక్కన్ సంగతేంటి మావయ్యా?" మన హైదరాబాద్‌లో ఆడే క్లబ్బు అది. అక్కడ నా జవాబు తిరగబడుతుంది. మన దేశంలో మొదటి డివిజన్ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్). దాని కింది అంచె ఐ-లీగ్‌లో గెలిచినవాళ్లు అందులోకి ఎక్కడం 2023లో పంజాబ్ ఎఫ్‌సీతో మొదలైంది. ఆ ఏడాది ఐ-లీగ్‌లో రెండో స్థానం శ్రీనిధిది. మరుసటి ఏడాది మొహమ్మదన్ స్పోర్టింగ్ ఎక్కింది, మళ్లీ రెండో స్థానం శ్రీనిధిదే. ఒక్క మెట్టు దగ్గర రెండుసార్లు ఆగిపోయింది. ఎక్కిన మొహమ్మదన్ ఐఎస్‌ఎల్‌లో అట్టడుగున నిలిచినా కిందికి పంపలేదు. 2021-22లో ఐఎస్‌ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. అంటే మోహన్ బగాన్, బెంగళూరు లాంటి జట్లు లీగ్ మ్యాచ్ ఆడటానికి మన ఊరికి వచ్చే దారే మూసుకుపోయింది. లెస్టర్ అభిమాని సొంత స్టేడియంలో గోల్ కోసం అయిదు నెలలు ఎదురుచూశాడు. మనకి మొదటి డివిజన్ మ్యాచే లేదు. అందుకే అజీజ్‌నగర్‌లో ఆడే ఈ క్లబ్బు పైకి వెళ్లాలి. మొదటి ఏడాది పది మ్యాచ్‌లు ఓడినా సరే, నేను టికెట్ కొంటాను.