మీటరు లైటును చదవడమా, డీబీలో క్లాంపు పెట్టడమా: హోమ్ అసిస్టెంట్‌కి ఏది మేలు?

200 యూనిట్లకు 820 రూపాయలు. 201 యూనిట్లకు 1,027 రూపాయల 70 పైసలు. తెలంగాణలో 2022లో ఇళ్ళ కనెక్షన్లకు వచ్చిన స్లాబుల ప్రకారం ఎనర్జీ చార్జీ ఇది. ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం దీనిమీద అదనం. వంద దాటి 200 లోపు ఉన్నంతవరకు మొదటి వందకు 3.40, తర్వాతి వందకు 4.80 చొప్పున వేస్తారు. ఒక్క యూనిట్ దాటిందంటే వెనక్కి వెళ్ళి మొదటి యూనిట్ నుంచి 200 దాకా 5.10, ఆ పై యూనిట్‌కి 7.70 వేస్తారు. గృహజ్యోతి వర్తించే ఇళ్ళకైతే దెబ్బ ఇంకా పెద్దది: 200 వరకు బిల్లు సున్నా, దాటితే మొత్తం చేతి నుంచి కట్టుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో గ్రూపులు తీసేసి అందరికీ ఒకే మెట్ల పద్ధతి పెట్టారు కాబట్టి అక్కడ ఈ గొయ్యి లేదు. అయినా 225 దాటాక యూనిట్ 6 రూపాయల నుంచి 8.75కి ఎగురుతుంది.

ఇంట్లోని పరికరాల్ని ఒకచోటి నుంచి చూసి నడిపించే సాఫ్ట్‌వేర్ హోమ్ అసిస్టెంట్. అందులో కరెంటు లెక్క పెట్టాలని నేను కూర్చున్నది ఇందుకే. బిల్లు చేతికొచ్చాక తెలిసి ఏం లాభం? ఇరవయ్యో రోజునే తెలియాలి. చాలామంది మొదట "ఏ సెన్సరు కొనాలి?" అని అడుగుతారు. నన్నడిగితే దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మీకు కావలసింది బిల్లు లెక్కా, వాడకం లెక్కా? రెండూ ఒకటే కదా అనుకుంటాం. హనుమకొండలో మా ఇంట్లో మూడు వారాలపాటు ఆ రెండూ కలవలేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

"స్మార్ట్ మీటరు పెడితే దాన్నే వైఫైకి కలిపేయొచ్చుగా బావా?" అని మా బావమరిది అడిగాడు. ఎవరికైనా వచ్చే ఆలోచనే. కానీ మన దేశంలో ఐఎస్ 16444 ప్రమాణంతో వచ్చే స్మార్ట్ మీటర్లు డిస్కంతో, అంటే కరెంటు సరఫరా చేసే కంపెనీతో మాట్లాడటానికి తయారైనవి. మన రూటర్‌తో వాటికి పనిలేదు. లోపలి సిమ్ ద్వారానో రేడియో మెష్ ద్వారానో రీడింగులు డిస్కం సర్వర్‌కి వెళ్ళిపోతాయి. ముందువైపు ఆప్టికల్ పోర్టు ఉంటుంది కానీ దాంట్లోంచి రీడింగులు తీయాలంటే పాస్‌వర్డు కావాలి, అది డిస్కం చేతిలో ఉంటుంది. యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో కనిపించే లెక్కల్ని స్క్రిప్టుతో లాక్కోవచ్చు, అయితే ఆ పేజీ మారిన రోజున స్క్రిప్టు పడిపోతుంది. పైగా గీజర్ ఈ నిమిషంలో ఆన్‌లో ఉందో లేదో అది చెప్పదు. ఈ దారి నేను వదిలేశాను.

బయటి దేశాల్లో ఉన్న మనవాళ్ళకు మాత్రం ఇదే మొదటి దారి. నెదర్లాండ్స్‌లో స్మార్ట్ మీటరుకు పీ1 అనే సాకెట్ ఉంటుంది, ఆర్‌జే12 వైరు గుచ్చితే చాలు. కొత్త మీటర్లయితే సెకనుకోసారి రీడింగు ఇస్తాయి, తాళం ఏమీ ఉండదు. డాలస్, హ్యూస్టన్ వైపు ఉన్నవాళ్ళకు స్మార్ట్ మీటర్ టెక్సాస్ పోర్టల్ ఉంది, హోమ్ అసిస్టెంట్‌లో దానికి ఇంటిగ్రేషన్ కూడా ఉంది. అక్కడ ఉండేవాళ్ళు కింద రాసేదానితో అంత కుస్తీ పట్టనక్కర్లేదు.

మనకు మిగిలినవి రెండు.

మొదటిది మీటరు మీద మిణుకుమనే ఎర్ర లైటు. మా మీటరు మీద ఒక్కో యూనిట్‌కి 3200 ఇంపల్స్ అని చిన్న అక్షరాల్లో ఉంది, అంటే ఆ లైటు 3,200 సార్లు వెలిగితే ఒక యూనిట్. ఈ అంకె మీటరును బట్టి మారుతుంది, మీ మీటరు మీద ఉన్నదే తీసుకోండి. రాత్రి ఫ్యాన్లు, ఫ్రిజ్ కలిపి 150 వాట్లు లాగుతున్నప్పుడు ఏడున్నర సెకన్లకోసారి వెలుగుతుంది. 1,500 వాట్ల లోడ్ పడితే నిమిషానికి 80 సార్లు. ఆ మిణుకుల్ని లెక్కపెట్టడానికి వెలుతురు పసిగట్టే ఒక ఫోటోడయోడ్ మాడ్యూల్, ఒక ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై ఉన్న బుల్లి కంప్యూటర్ లాంటిది), మూలన పడున్న పాత ఫోన్ చార్జరు చాలు. అంతా కలిపి సుమారు 600 రూపాయల్లో అయిపోతుంది. ఆ బోర్డును హోమ్ అసిస్టెంట్‌కి కలిపే సాఫ్ట్‌వేర్ ఈఎస్‌పీహోమ్, అందులో పల్స్ మీటర్ అనే కాంపోనెంట్ ఉంది. నిమిషానికి వచ్చిన మిణుకుల్ని 18.75తో గుణిస్తే వాట్లు, మొత్తం మిణుకుల్ని 3200తో భాగిస్తే యూనిట్లు. అన్నీ మొదటినుంచి రాసుకోవడం ఇష్టం లేకపోతే హోమ్ అసిస్టెంట్ గ్లో అనే ప్రాజెక్టులో తయారుగా ఉన్న కాన్ఫిగరేషన్ తీసుకోవచ్చు.

మన మీటర్ల మీద రెండు మూడు లైట్లు ఉంటాయి. గీజర్ వేయమని లోపలికి కేకేసి, ఏ లైటు వేగం పెరిగిందో చూసి దాని మీదే సెన్సరు పెట్టండి. ఎండ పడకుండా చుట్టూ నల్ల ఇన్సులేషన్ టేపు వేయండి. డిస్‌ప్లే, ఆప్టికల్ పోర్టు మాత్రం కప్పొద్దు. బిల్లు కొట్టే అబ్బాయి మెషీన్ పెట్టి చదివేది ఆ పోర్టు నుంచే, అతన్ని ఇబ్బంది పెట్టకూడదు. మేము టేపు వేసిన రోజే లైన్‌మ్యాన్‌ని పిలిచి చూపించాం. సీలు జోలికి, లోపలి వైర్ల జోలికి అసలు వెళ్ళొద్దు. 2003 విద్యుత్ చట్టంలో మీటరులో వేలు పెట్టినవాళ్ళ కోసమే 138వ సెక్షన్ ఉంది.

ఈ పద్ధతిలో నన్ను ఏడిపించింది వేరే. మొదటి నెల చివర మా లెక్క మీటరు కంటే ఆరు యూనిట్లు తక్కువ చూపించింది. సెన్సరు మిణుకులు మిస్సవుతోందేమో అని రెండు రాత్రులు టార్చి పట్టుకుని వరండాలో కూర్చున్నాను, ఒక్కటీ మిస్సవలేదు. తీరా చూస్తే, ఈఎస్‌పీహోమ్ తనకు వైఫైగానీ హోమ్ అసిస్టెంట్‌గానీ 15 నిమిషాలపాటు అందకపోతే తనంతట తనే రీస్టార్ట్ అవుతుంది. అది దాని డిఫాల్ట్ సెట్టింగు. కరెంటు పోయి వచ్చాక మా రూటర్ ఒక్కోసారి గంటసేపు మొండికేసేది. ఆ గంటలో బోర్డు నాలుగుసార్లు రీస్టార్ట్ అయ్యేది, ప్రతిసారీ లెక్క సున్నాకి వెళ్ళేది, హోమ్ అసిస్టెంట్‌కి చేరని మిణుకులు గాల్లో కలిసిపోయేవి. వైఫై, ఏపీఐ (హోమ్ అసిస్టెంట్‌తో మాట్లాడే భాగం) రెండింటి కింద రీబూట్ టైమ్‌అవుట్‌ని సున్నా చేశాక ఆ నష్టం ఆగింది. లైటు పద్ధతి ఎంచుకుంటే మొదటి రోజే ఈ రెండు లైన్లూ రాసేసుకోండి.

రెండోది డీబీలో, అంటే ఇంట్లో స్విచ్‌లు, ఫ్యూజులు ఉండే పెట్టెలో క్లాంపు. ఫేజు వైరు చుట్టూ ఒక రింగు బిగిస్తే అందులో పారే కరెంటును అది కొలుస్తుంది. మన దగ్గర చవకగా దొరికేది పీజెమ్-004టీ, వెయ్యి రూపాయల అటూ ఇటూ. ఇంకాస్త ఖర్చు పెట్టగలిగితే షెల్లీ ఈఎమ్ ఉంది, దానికి రెండు క్లాంపులు తగిలించుకోవచ్చు. వోల్టేజీ కొలవకుండా కరెంటు మాత్రమే కొలిచే ఉత్త క్లాంపులు కొనకండి. మన ఊళ్ళల్లో సాయంత్రం 195, అర్ధరాత్రి 245 వోల్టులు వచ్చే చోట 230 అని ఊహించుకుని గుణిస్తే ఆ లెక్కకు అర్థం ఉండదు.

కొన్ని విషయాల్లో క్లాంపు లైటు కంటే ఎంతో సుఖం. పీజెమ్ తన యూనిట్ల లెక్కను కరెంటు పోయినా తనలోనే దాచుకుంటుంది కాబట్టి పైన చెప్పిన రీస్టార్ట్ బాధ లేదు. వోల్టేజీ, పవర్ ఫ్యాక్టర్ కూడా చూపిస్తుంది. ఏసీ లైనుకు విడిగా ఒకటి పెడితే ఏసీ వాటా ఎంతో తెలుస్తుంది. మీటరు లైటు ఎప్పటికీ ఆ పని చేయలేదు. కానీ డీబీ తెరవాలి, మెయిన్ ఆపాలి, వోల్టేజీ కోసం ఒక ఎంసీబీ (ఫ్యూజు బదులు ఉండే స్విచ్) నుంచి వైర్లు తీయాలి. ఇది ఎలక్ట్రీషియన్ పని, వీడియో చూసి సొంతంగా దిగొద్దు.

ఇక మా మూడు వారాల సంగతి. కుతూహలం కొద్దీ రెండూ పెట్టాను. లైటు రోజుకు 7.9 యూనిట్లు అంటే క్లాంపు 6.1 అనేది. క్లాంపు సరిగ్గా మూసుకోలేదేమో అని తీసి పెట్టాను, తేడా పోలేదు. గ్రాఫులు ఒకదాని మీద ఒకటి వేసి చూస్తే, తేడా వచ్చేది పై పోర్షన్‌లో అద్దెకున్నవాళ్ళు ఇంట్లో ఉన్న వేళల్లోనే. ఎలక్ట్రీషియన్ వచ్చి డీబీ దగ్గరికి పోకముందే మీటరు ముందు ఆగాడు. "సార్, ఈ పక్క లైటు ఎప్పట్నుంచి వెలుగుతోంది?" అన్నాడు. ఎర్త్ లోడ్ లైటు అది. నేను రోజూ దాని పక్క లైటుకే కన్ను పెట్టి కూర్చున్నాను, దీన్ని పట్టించుకోలేదు.

మన సింగిల్ ఫేజ్ మీటర్లు ఫేజులో, న్యూట్రల్‌లో (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) రెండింటిలోనూ కరెంటు కొలుస్తాయి. రెండూ తేడాగా ఉంటే ఎర్త్ లోడ్ లైటు వెలిగించి, ఎక్కువ ఉన్నదాన్నే రాసుకుంటాయి. దొంగతనం పట్టుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది. పైవాళ్ళ ఇన్వర్టర్ బిగించినప్పుడు వాళ్ళ న్యూట్రల్ తెచ్చి మా న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీలో కలిపేశారు. వాళ్ళు వాడిన కరెంటు వాళ్ళ మీటరు గుండా వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు కొంత మా మీటరు గుండా వచ్చేది. అది మా ఖాతాలో కూడా పడేది. మా క్లాంపు ఫేజు మీద ఉంది కాబట్టి దానికి మా వాడకం ఒక్కటే కనిపించింది. న్యూట్రల్ వైర్లు విడదీయడానికి అరగంట పట్టింది. ఆ సాయంత్రం నుంచి ఎర్త్ లోడ్ లైటు ఆరిపోయింది, రెండు లెక్కలూ ఒక శాతం లోపుకి వచ్చాయి. నెలకు యాభై యూనిట్లకు పైగా, ఎన్ని నెలలు కట్టామో!

అందుకే సొంత ఇల్లు, మీటరు వరండాలో ఉంటే నా ఓటు ముందు లైటుకే. మీకు బిల్లు వేసేది ఆ మీటరు, దాని నోటి మాట వినాలి. 200 దగ్గర క్లాంపు రెండు శాతం తప్పితే నాలుగు యూనిట్లు తప్పినట్టు, ఆ నాలుగూ చాలు గీత దాటడానికి. డబ్బు కుదిరితే తర్వాత క్లాంపు కూడా పెట్టండి. రెండూ ఉంటే మాకు దొరికినలాంటి దోషాలు దొరుకుతాయి.

మా బావమరిది పరిస్థితి వేరు. వాడిది హైదరాబాద్‌లో నాలుగో అంతస్తు ఫ్లాటు. మీటర్లన్నీ సెల్లార్‌లో ఒకే ప్యానెల్‌లో, వైఫై అందదు, అక్కడ ఏం తగిలించాలన్నా అసోసియేషన్‌ని అడగాలి. వాడికి క్లాంపే దిక్కు. పది రోజులు చూస్తే మీటరు 71.4 అన్నచోట క్లాంపు 69.8 అంది. ఈఎస్‌పీహోమ్‌లో 1.023తో గుణించే ఫిల్టర్ పెట్టుకున్నాడు. బిల్లు వచ్చినప్పుడల్లా ఒకసారి సరిచూసుకుంటున్నాడు, సరిపోతోంది.

ఏది పెట్టినా సాఫ్ట్‌వేర్‌లో రెండు జాగ్రత్తలు. హోమ్ అసిస్టెంట్‌లో 2021 ఆగస్టులో వచ్చిన ఎనర్జీ డాష్‌బోర్డు యూనిట్‌కి ఒక ధర అడుగుతుంది, మన స్లాబులు దానికి తెలియవు. కాబట్టి అది చూపించే రూపాయల్ని నమ్మకుండా, స్లాబు లెక్కకు విడిగా ఒక టెంప్లేట్ సెన్సర్ (మనం ఇచ్చిన సూత్రంతో లెక్కకట్టేది) రాసుకోండి. రెండోది, మన బిల్లు నెల ఒకటో తేదీన మొదలవదు, రీడింగు తీసిన రోజున మొదలవుతుంది. నెలవారీ వాడకం లెక్కపెట్టే యుటిలిటీ మీటర్ హెల్పర్‌లో ఆ తేదీకి తగ్గట్టు ఆఫ్‌సెట్ (ఎన్ని రోజులు జరపాలో) పెట్టండి. మా ఇంట్లో ఇప్పుడు ఇరవయ్యో రోజున, ఈ వేగంతో పోతే నెలాఖరుకి ఎంత అవుతుందో అమ్మ ఫోన్‌కి మెసేజ్ వెళ్తుంది. మే నెలలో 214 అని వచ్చింది. గీజర్ ఆపేసి, ఏసీ 26లో పెట్టించింది అమ్మ. రీడింగు రోజున 193.

పైకప్పు మీద సోలార్ ఉన్నవాళ్ళు మాత్రం ఇదంతా తిప్పి చదువుకోవాలి. నెట్ మీటరు లైటు కరెంటు లోపలికి వచ్చినా మిణుకుతుంది, బయటికి పోయినా మిణుకుతుంది, ఎటు పోతోందో సెన్సరుకు తెలియదు. పీజెమ్ కూడా దిశ చెప్పదు. దిశ తెలిసే షెల్లీ ఈఎమ్ లాంటిదే కావాలి, గ్రిడ్ వైరుకు ఒక క్లాంపు, సోలార్ ఇన్వర్టర్ వైరుకు ఒకటి. మేమూ ఇంటి సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్‌కి అప్లై చేశాం. ప్యానెళ్ళు ఎక్కిన రోజున మా మీటరు మీది సెన్సరు తీసి, వరండా మీటరున్న మా పక్కింటి పిన్నిగారికి పెడతాను. ఆవిడ ఇప్పటికే రెండుసార్లు అడిగింది.