రాయగడ రైల్లో నాలుగేళ్లు: ఏటీహెచ్-ఎం40ఎక్స్ హెడ్‌ఫోన్స్

మాది రాయగడ. పని మీద వారానికోసారి విజయనగరం వెళ్లొస్తాను. పార్వతీపురం, బొబ్బిలి మీదుగా సాగే ఆ ప్రయాణంలోనే నాకు నింపాదిగా సంగీతం వినే తీరిక దొరుకుతుంది. అందుకే హెడ్‌ఫోన్స్ కొనేటప్పుడు ఓపెన్ బ్యాక్ రకం, అంటే చెవి గిన్నెల వెనక భాగం తెరిచి ఉండేవాటి వైపు చూడలేదు. వాటి నాదం విశాలంగా ఉంటుంది, నిజమే. కానీ బయటి గోల లోపలికొస్తుంది, మన పాట పక్క సీటుకి పోతుంది.

నాలుగేళ్ల కిందట ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం40ఎక్స్ తీసుకున్నాను. క్లోజ్డ్ బ్యాక్ (గిన్నెల వెనక మూసి ఉండే రకం), 40 మిల్లీమీటర్ల డ్రైవర్లు (లోపలి చిన్న స్పీకర్లు), విద్యుత్ నిరోధం 35 ఓంలు, బరువు కేబుల్ కాకుండా 240 గ్రాములు. మామూలు ఫోనుకే గట్టిగా పలుకుతుంది. అదే కంపెనీ ఎం50ఎక్స్ కూడా విన్నాను, అందులో బేస్ నాకు కాస్త ఎక్కువనిపించింది. నేను వినేది ఎక్కువగా ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్. ఆ పాత రికార్డింగుల్లో కమాను తీగ మీద నడిచే తీరు తెలియాలి, ఇందులో తెలుస్తుంది. ఆయన 1936లో విజయనగరం సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ ఊరు దగ్గరపడుతుండగా ఆ వాద్యం వింటుంటే ఒళ్లు పులకరిస్తుంది.

ఇందులో నాయిస్ క్యాన్సిలింగ్ (బయటి మోతను ఎలక్ట్రానిక్స్‌తో అణిచే ఏర్పాటు) లేదు. బోగీలో తెలుగూ ఒడియా కలిసిన కబుర్లు, చాయ్ కేకలు బాగా తగ్గుతాయి. చక్రాల మోత మాత్రం తగ్గదు, అందులో బేస్ కొంత మునిగిపోతుంది. దానికని బేస్ దంచే సెట్ కొనకండి. ఇంటికొచ్చి వింటే మృదంగం తొప్పి (మంద్రంగా పలికే ఎడమ వైపు) గాత్రాన్ని మింగేస్తుంది.

రెండో ఏడు చివర్లో బేస్ ఉన్నట్టుండి పలచబడింది. డ్రైవర్ పోయిందేమోనని చాలా టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే చెమటకి ప్యాడ్ల రెక్సిన్ పొట్టు లేచింది, లోపలి ఫోమ్ అణిగిపోయింది. చెవి చుట్టూ సందు పడితే ఈ రకంలో ముందు పోయేది బేసే. కొత్త ప్యాడ్లు వేయగానే తిరిగొచ్చింది. కళ్లజోడు కాడలు లావుగా ఉన్నా ఇదే ఇబ్బంది, నేను సన్న కాడల జోడు చేయించుకున్నాను. కొనేముందు మీ కళ్లజోడుతోనే పెట్టుకుని చూడండి.

పెట్టెలో వచ్చే 3 మీటర్ల కేబుల్ రైలుకి పొడవు. బయట ఒక పొట్టి కేబుల్ కొంటే దానికి మెలితిప్పి బిగించే లాక్ లేదు, కుదుపుకల్లా ఊడేది. లాక్ ఉన్నది వెతికి తెచ్చుకున్నాక ఆ బాధ పోయింది.

మే నెలలో చెవులు ఉడికిపోతాయి. అరగంటకోసారి తీసి చెవులూ ప్యాడ్లూ పొడిగుడ్డతో తుడుస్తాను. ఇప్పుడున్న ప్యాడ్లకి రెండేళ్లు దాటినా ఇంకా పొట్టు లేవలేదు.